రాహులుడు రాహుల్ అయిన వైనం

బస్టాండు పుస్తకాల కొట్లలో వంటల పుస్తకాలకూ వాస్తు పుస్తకాలకూ నడుమ పిల్లల పేర్ల పుస్తకం ఒకటి తప్పకుండా ఉంటుంది. అకారాది క్రమంలో పేర్లు, ఎదురుగా అర్థాలు. మన విమర్శకులెవరూ దాన్ని సమీక్షించిన పాపాన పోలేదు గాని, ఏ కవితా సంపుటికీ లేనంతమంది పాఠకులు దానికున్నారు. పైగా కవిత్వం చదివి మరిచిపోవచ్చు. ఆ పుస్తకంలోంచి ఏరుకున్న మాట ఒక మనిషికి జీవితాంతం అంటుకుని ఉంటుంది. అందులో 'ర' దగ్గర 'రాహుల్' అన్న పేరుకు ఎదురుగా సమర్థుడని, సర్వ దుఃఖాలనూ జయించినవాడని అర్థం రాసి ఉంటుంది. సంస్కృతంలో గాని పాళీలో గాని ఆ అర్థాన్ని ఇచ్చే ధాతువేదీ లేదు. బజారులో ఏ బట్టకైనా పట్టు అని చీటీ అంటించినట్టు, చేదుగా ఉన్న ఒక పాత మాటకు తియ్యటి చీటీ అంటించారు, అంతే.

ఇది చిన్న విషయమని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. ఆకలి, అప్పులు, ఉద్యోగాలు లేకపోవడం మాట్లాడవలసిన చోట పేర్ల గొడవ ఎందుకని అడగవచ్చు. కాని నేను బడిపంతుల్ని. ప్రతి ఉదయం నా చేతికి మొదట వచ్చేది హాజరుపట్టీ. ఒక ఊరి చరిత్ర, ఆ ఊళ్ళో ఎవరు ఎవరికి లొంగి బతికారన్న సంగతి, ఎవరు ఎప్పుడు తలెత్తారన్న సంగతి ఆ పట్టీలో ఉన్నంత స్పష్టంగా పంచాయితీ రికార్డుల్లో కూడా ఉండదు. పేరుకు అర్థం నిఘంటువులో మాత్రమే ఉండదు. ఎవరు, ఎవరికి, ఏ కాలంలో, ఎవరిని ఎదిరించి పెట్టారన్న దానిలో ఉంటుంది. ఈ మాట రుజువు చేయడానికి 'రాహుల్' కంటే మంచి ఉదాహరణ నాకు తోచలేదు.

ముందు మాట పుట్టుక చూద్దాం. రాహుల శబ్దాన్ని వినగానే ఎవరికైనా రాహువు గుర్తుకొస్తాడు. అమరకోశం రాహువుకు తమస్సు, స్వర్భానుడు, సైంహికేయుడు, విధుంతుదుడు అన్న పర్యాయపదాలిచ్చింది. అన్నీ చీకటికీ, చంద్రుణ్ణి పీడించడానికీ సంబంధించినవే, ఒక్క తల్లి పేరు తప్ప. ఋగ్వేదంలో సూర్యుణ్ణి చీకటితో కప్పినవాడు స్వర్భానుడు. రాహువన్న పేరు అథర్వవేదంలో కనబడుతుంది. ఛాందోగ్యోపనిషత్తులో రాహువు నోటినుంచి విడివడిన చంద్రుడి పోలిక ఉంది. పట్టుకోవడమనే అర్థం గల 'రభ్' ధాతువు నుంచి రాహు శబ్దం వచ్చిందని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. గ్రహం అన్నా పట్టుకునేదే గదా. అంటే రాహువు పట్టుకునేవాడు, మింగేవాడు. దుఃఖాలను జయించడం మాట అటుంచండి, ఆయన దుఃఖం కలిగించేవాడు.

మరి రాజు కొడుక్కి ఇటువంటి పేరెలా వచ్చింది? జాతక కథలకు పీఠికగా ఉన్న పాళీ 'నిదానకథ' ఒక సమాధానం చెబుతుంది. సిద్ధార్థుడు ఉద్యానవనంలో ఉన్నాడు. ముసలివాణ్ణీ, రోగినీ, శవాన్నీ, సన్యాసినీ చూసిన తరవాత మనసు ఇంటి మీద లేదు. ఆ సమయంలో కొడుకు పుట్టాడని కబురు వచ్చింది. రాహువు పుట్టాడు, బంధం పుట్టింది అన్న అర్థం వచ్చేటట్టు ఆయన ఒక మాటన్నాడు. కబురు తెచ్చినవాడు తిరిగి వెళ్ళి శుద్ధోదనుడికి ఆ మాట చెబితే, ఐతే నా మనవడి పేరు అదేనన్నాడు తాత. గమనించండి: తండ్రి విసుగుతోనో దిగులుతోనో అన్న మాటను తాత పేరుగా ఖాయం చేశాడు. కొడుకును కట్టి ఉంచే తాడు దొరికిందని ఆ ముసలాయన సంతోషించి ఉంటాడని నాకనిపిస్తుంది. వదలి పోదలుచుకున్నవాడికి ఏది సంకెలో, ఉండిపొమ్మనేవాడికి అదే ఆశ. ఒకే శబ్దంలో ఇద్దరి అర్థాలూ ఉన్నాయి. కన్నతల్లి ఏమనుకుందో మాత్రం ఆ కథ చెప్పదు.

ఇంకొక సంప్రదాయం వేరే విధంగా చెబుతుంది. మూలసర్వాస్తివాదుల వినయ గ్రంథం ప్రకారం సిద్ధార్థుడు ఇల్లు వదిలిన రాత్రే రాహులుడు కడుపున పడ్డాడు. ఆరేళ్ళు తల్లి గర్భంలోనే ఉండి, తండ్రికి బోధి కలిగిన నాడు చంద్రగ్రహణ సమయంలో పుట్టాడు. గ్రహణం నాడు పుట్టాడు గనక ఆ పేరు. ఆరేళ్ళ గర్భమనే అద్భుతాన్ని పక్కన పెడితే, ఇందులోని నామకరణ పద్ధతి మనకు తెలిసిందే. పుట్టిన వేళను బట్టి, వారాన్ని బట్టి పేరు పెట్టడం మన పల్లెల్లో ఇప్పటికీ ఉంది. సోమవారం పుడితే సోమయ్య, మంగళవారం పుడితే మంగమ్మ.

చెడ్డ గ్రహం పేరు ఎవరైనా పెట్టుకుంటారా అన్న శంక తీరాలంటే సంస్కృతం దాకా పోనక్కరలేదు. పెంటయ్య, పుల్లయ్య అన్న పేర్లు ఎందుకొచ్చాయో మన తాతలనడిగితే చెబుతారు. వరసగా పిల్లలు చచ్చిపోయిన ఇంట్లో మళ్ళీ బిడ్డ పుడితే పెంటకుప్ప మీద దొర్లించి పెంటయ్య అన్నారు. ఎంగిలి పుల్లి విస్తళ్ళ మీద పడుకోబెట్టి పుల్లయ్య అన్నారు. ఇంత పనికిమాలిన బిడ్డను మృత్యువు మాత్రం ఏం చేసుకుంటుందని! మందూ మాకూ లేని చోట, పురుడు పోసే చేతులు తప్ప ఆస్పత్రి లేని చోట, తల్లులు మృత్యువుతో ఆడిన ఎత్తు ఇది. ఈ పేర్లు విని నవ్వేవాళ్ళు ఆ పేరు వెనక ఎన్ని చిన్న సమాధులున్నాయో లెక్కపెట్టుకోవాలి. రాహువు పేరు పెట్టడం కూడా ఆ కోవలోది కావడానికి అడ్డేమీ లేదు.

ఐతే నిజంగా ఆ పేరు రాహువు నుంచే పుట్టిందా? ఇక్కడ వ్యాకరణం కొంచెం సాయం చేస్తుంది. పొడుగాటి పేర్లను ముద్దుగా ఎలా కుదించాలో పాణిని సూత్రాలు రాశాడు. దేవదత్తుణ్ణి దేవికుడనీ దేవిలుడనీ అనవచ్చు. మొదటి భాగం ఉకారాంతమైతే చివర 'ల' మాత్రమే నిలుస్తుందని వ్యాఖ్యాతలు చెప్పి, భానుదత్తుడు భానులుడు, వసుదత్తుడు వసులుడు అని ఉదాహరణలిచ్చారు. ఆ లెక్కన 'రాహు'తో మొదలయ్యే ఏదో ఒక పెద్ద పేరుకు రాహులుడు పొట్టి పేరు కావచ్చు. వెంకటేశ్వర్లు వెంకట్ అయినట్టే. ఇవాళ్టి పొట్టి పేర్లను చూసి సంప్రదాయం పోయిందని వాపోయే పండితులు పాణిని అయిదో అధ్యాయం ఒకసారి తిరగేస్తే మంచిది.

కాని ఈ అందమైన వివరణకు ఒక రాయి అడ్డం పడుతోంది. అలంకారం కాదు, నిజంగా రాయే. రాజస్థాన్‌లోని బైరాట్ దగ్గర 1840లో దొరికిన అశోకుడి శాసనం అది. ఇప్పుడు కలకత్తా ఏషియాటిక్ సొసైటీలో ఉంది. అందులో అశోకుడు భిక్షువులూ, భిక్షుణులూ, గృహస్థులైన ఆడామగా అందరూ తరచుగా వినవలసిన ఏడు ధర్మపాఠాల పేర్లు చెప్పాడు. ఏడవది, అబద్ధం గురించి బుద్ధుడు రాహులుడికి చెప్పిన పాఠం. అక్కడ ఆ పిల్లవాడి పేరు 'లాఘుల' అని చెక్కి ఉంది. రకారం లకారం కావడంలో వింత లేదు. అశోకుడి తూర్పు ప్రాకృతంలో రాజు కూడా 'లాజా'యే. వింతంతా ఘకారంలో ఉంది. ప్రాకృతంలో ఘకారం హకారంగా మారడం మామూలు; మేఘం మేహమవుతుంది. హకారం ఘకారం కావడం మామూలు కాదు. రాహువు 'రభ్' ధాతువు నుంచి వచ్చినవాడైతే పాత రూపంలో భకారం కనిపించాలి గాని ఘకారం ఎందుకుంటుంది?

పురాణాలు ఈ ముడిని ఇంకా బిగించాయి. ఇక్ష్వాకు వంశపు రాజుల జాబితాలో శాక్యుడు, శుద్ధోదనుడు, తరవాత ప్రసేనజిత్తు వస్తారు. శుద్ధోదనుడికీ ప్రసేనజిత్తుకూ మధ్య ఒక పేరుంది. విష్ణుపురాణం ప్రతుల్లో అది రాతులుడనీ రాహులుడనీ కనిపిస్తుంది. భాగవతం తొమ్మిదో స్కంధంలో లాంగలుడని ఉంది. లాంగలమంటే నాగలి! అశోకుడి 'లాఘుల'కు ఇది ఎంత దగ్గరగా ఉందో చూడండి. నాగలి పేరు గల శాక్య కుర్రవాడు. శాక్యులు వరి పండించే గణం. శుద్ధోదనుడు దుక్కి పండగ చేసిన కథ పాళీ గ్రంథాల్లో ప్రసిద్ధం. ఆయన పేరులోనే ఓదనం, అంటే అన్నం ఉంది. అన్నం పేరు తాతకుంటే నాగలి పేరు మనవడికుండటం ఎంత సహజం! ఇది నా ఊహ. రుజువైన సత్యమని నేననను. కాని ఒకటి మాత్రం ఖాయం. మనకు దొరికిన అతి పాత రాతలో రాహువు జాడ లేదు. క్రీస్తు పూర్వం మూడో శతాబ్దం నాటి ఆ రాతకు ఏడెనిమిది వందల ఏళ్ళ తరవాత కూర్చిన పీఠికలో రాహువు కథ, బంధం కథ కనిపిస్తున్నాయి. సంసారాన్ని బంధమనుకునే సన్యాసులు ఒక పిల్లవాడి పేరుకు తమ తత్త్వాన్ని అర్థంగా అంటగట్టారని అనుకోవడానికి కావలసినంత చోటుంది. పేర్ల పుస్తకం వాడు ఇవాళ చేసిన పనే వాళ్ళు అప్పుడు, ఇంకొంచెం ప్రతిభతో చేశారు.

అర్థం ఏదైనా, రాహులుడి జీవితంలో మనకు పట్టవలసిన ఘట్టం వేరే ఉంది. బుద్ధుడైన తరవాత తండ్రి మొదటిసారి కపిలవస్తుకు వచ్చాడు. పిల్లవాడికి ఏడేళ్ళని సంప్రదాయం. తల్లి అతణ్ణి ముందుకు తోసి, ఆయనే నీ తండ్రి, పోయి నీ వారసత్వం అడుగు అంది. ఆ పిల్లవాడు తండ్రి వెంట పడ్డాడు. నాకు రావలసింది నాకివ్వమని అడుగుతూ నడిచాడు. తండ్రి పక్కకు తిరిగి సారిపుత్రుణ్ణి పిలిచి, వీణ్ణి సంఘంలో చేర్చుకొమ్మన్నాడు. రాజ్యం అడిగినవాడికి కాషాయమూ భిక్షాపాత్రా దక్కాయి. ముసలి శుద్ధోదనుడు కొడుకు దగ్గరకు వచ్చి, నువ్వు పోయినప్పుడు ఎంత బాధపడ్డానో, ఇప్పుడు వీడు పోతే అంతకన్న ఎక్కువ బాధపడుతున్నానని మొరపెట్టుకున్నాడు. అప్పటి నుంచి తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లలకు దీక్ష ఇవ్వరాదని సంఘంలో నియమం పెట్టారు. వినయ పిటకంలోని మహావగ్గం ఇదంతా చెబుతుంది. ఒక తాత కన్నీళ్ళు చట్టంగా మారిన అరుదైన సందర్భమిది.

మన భక్త వ్యాఖ్యాతలు ఈ ఘట్టాన్ని తండ్రి కొడుక్కి ధర్మమనే శాశ్వత సంపద ఇచ్చాడని వర్ణిస్తారు. కావచ్చు. కాని ఆ తల్లి వైపు నుంచి చూసినవాళ్ళు తక్కువ. భర్త పోయాడు, అడిగి రమ్మని పంపిన కొడుకూ పోయాడు. పాళీ గ్రంథాల్లో ఆమెను ఎక్కువచోట్ల రాహులమాత అనే అంటారు. యశోధర, భద్దకచ్చానా, బింబ అని ఒక్కొక్క గ్రంథం ఒక్కొక్క పేరు చెబుతుంది. కొడుకు పేరుకు ఇన్ని వ్యాఖ్యానాలు రాసినవాళ్ళు తల్లి పేరేదో ఒక్కమాటగా చెప్పలేకపోయారు. న్యాయానికి ఇంకొక మాట కూడా చెప్పాలి: పన్నెండో శతాబ్దపు హేమచంద్రుడి కోశంలో బుద్ధుడికిచ్చిన పర్యాయపదాల్లో 'రాహులసూ' ఒకటి, రాహులుణ్ణి కన్నవాడని. బంధమని అనిపించుకున్న కొడుకే తండ్రికి గుర్తింపుగా మిగిలాడు.

ఈ కథ తెలుగువాళ్ళకు కొత్తది కాదు. అమరావతి స్తూపం మీద మన శిల్పులు దాన్ని చెక్కారు. ఆ ఫలకం చెన్నై మ్యూజియంలో ఉంది. అక్కడ బుద్ధుడు మనిషి రూపంలో లేడు; ఖాళీ సింహాసనం, పాదాల గుర్తులు ఉన్నాయి. వాటి ముందుకు పిల్లవాణ్ణి తోస్తున్నారు. ఖాళీ కుర్చీని వాటా అడుగుతున్న ఆ పిల్లవాణ్ణి చూస్తే ఆ శిల్పికి ఇంట్లో పిల్లలున్నారని అనిపిస్తుంది. అజంతా పదిహేడో గుహలో చిత్రకారుడు బుద్ధుణ్ణి చాలా పెద్దగా, తల్లీ బిడ్డల్ని ఆయన ముందు చాలా చిన్నగా వేశాడు. అది గొప్ప చిత్రమని లోకమంతా అంటుంది, నేనూ కాదనను. కాని నా ఓటు అమరావతికే.

బౌద్ధం మన నేల మీద అణగారిన తరవాత ఈ పేరు కూడా జనం నోటినుంచి జారిపోయింది. రాముడు, కృష్ణుడు, మల్లన్న, ఎల్లమ్మ, పోచమ్మ అందరూ మన ఇళ్ళల్లో పేర్లయ్యారు గాని రాహులుడు పుస్తకాల్లో మిగిలిపోయాడు. సింహళంలో మాత్రం భిక్షువులు దాన్ని వదలలేదు. 1959లో బుద్ధుడి బోధనల మీద ఇంగ్లీషులో ప్రసిద్ధ గ్రంథం రాసిన వాల్పొల రాహుల పేరు మనలో కొందరికి తెలుసు.

ఇరవయ్యో శతాబ్దంలో ఇది మళ్ళీ లేచిన తీరు ఆసక్తికరమైనది. బెంగాల్‌లో 1939లో పుట్టిన సంగీత దర్శకుడు ఆర్.డి. బర్మన్ అసలు పేరు రాహుల్ దేవ్. అంతకు ముందే, 1930లో, ఆజంగఢ్ జిల్లా పందహా గ్రామంలో పుట్టిన కేదార్‌నాథ్ పాండే అనే బ్రాహ్మణ యువకుడు శ్రీలంకలో భిక్షు దీక్ష తీసుకుని రాహుల్ అయ్యాడు. అంతవరకూ ఆయన రామ్ ఉదార్ దాస్ అనే వైష్ణవ సాధువు. ఆ తరవాత కాషాయమూ వదిలి, రైతు పోరాటాల్లోకీ కమ్యూనిస్టు పార్టీలోకీ వచ్చి, జైలుకు పోయి, అక్కడ ఇరవై కథలు రాశాడు. చాగంటి తులసి గారి అనువాదంలో 'ఓల్గా నుంచి గంగకు'గా అది మనకందింది. నా తరం వాళ్ళు చాలామంది రాహుల్ అన్న మాటను మొదట చూసింది ఆ అట్ట మీదే. మనిషి మారినప్పుడల్లా పేరు మార్చుకున్న రాహుల్ సాంకృత్యాయన్ జీవితం పేరుకున్న సామాజిక అర్థానికి మంచి వ్యాఖ్యానం. ఐతే ఒక చిన్న చిక్కు: 'పాండే'ను వదిలినవాడు 'సాంకృత్యాయన్'లో గోత్రాన్ని నిలుపుకున్నాడు. వాకిట్లోంచి పంపిన కులం దొడ్డిదారిన వచ్చి కూర్చుంది. అంతటి మనిషినే అది వదల్లేదంటే సామాన్యుల మాట చెప్పేదేముంది.

రెండో మలుపు ఇంతకన్న పెద్దది. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేడ్కర్ లక్షలాది మందితో బౌద్ధం స్వీకరించాడు. ఆ తరవాత మహారాష్ట్ర దళిత వాడల్లో పుట్టిన మగపిల్లలకు సిద్ధార్థ్, గౌతమ్, మిలింద్, రాహుల్ అన్న పేర్లు వెల్లువగా వచ్చాయి. ఎవరో దయతలచి పెట్టిన పేర్లు కావవి, వాళ్ళు ఏరి తెచ్చుకున్నవి. ఊరి పెద్ద పెట్టిన పేరును, మొదటి అక్షరంతోనే కులం తెలిసిపోయే పేరును వదిలి, రెండున్నర వేల ఏళ్ళ వెనక్కి పోయి, తమదనుకున్న చరిత్రలోంచి తెచ్చుకున్నారు. వారసత్వం అడిగిన పిల్లవాడి పేరు వారసత్వం లేకుండా చేయబడిన వాళ్ళ ఇంట్లో పెట్టడంలోని ఔచిత్యం చూడండి. ఆదిలాబాద్, నిజామాబాద్ సరిహద్దు పల్లెల్లో మరాఠ్వాడాతో చుట్టరికాలున్న ఇళ్ళకు ఆ గాలి తగిలింది. హైదరాబాదులో దానికంటే ముందే మాదరి భాగయ్య భాగ్యరెడ్డి వర్మ (1888–1939) అయిన ఉదంతం మనకుంది. ఆయన బుద్ధ జయంతులు జరిపించినవాడు కూడా.

కాని మన హాజరుపట్టీల్లోకి ఈ పేరు ఇంత పెద్ద ఎత్తున రావడానికి కారణం అంబేడ్కరూ కాదు, సాంకృత్యాయనూ కాదని ఒప్పుకోవాలి. ఇందిరాగాంధీ మనవడికి 1970లో ఈ పేరు పెట్టారు. 1990లో 'ఆషికీ' సినిమా వచ్చింది; అందులో నటుడి పేరూ పాత్ర పేరూ రాహులే. 1993 నుంచి షారుఖ్ ఖాన్ 'డర్', 'దిల్ తో పాగల్ హై', 'కుఛ్ కుఛ్ హోతా హై'లలో వరసగా రాహుల్ అయ్యాడు. 1996లో రాహుల్ ద్రావిడ్ టెస్టు క్రికెట్లోకి వచ్చాడు. టీవీ పెట్టె ఇల్లిల్లూ చేరిన కాలమది. పిల్లవాడికి పేరు పెట్టిన తల్లికి బుద్ధుడి కొడుకు గుర్తుండక్కరలేదు.

ఇక రాత సంగతి. తెలుగు వ్యాకరణం ప్రకారం అకారాంత పుంలింగ తత్సమానికి చివర 'డు' రావాలి. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) చదివిన వాళ్ళందరికీ ఇది తెలుసు. కనక రాహులుడు. సింహళీయులు 'రాహుల' అని చివరి అకారాన్ని ఉంచుకున్నారు. హిందీవాళ్ళు రాతలో అకారం ఉంచి నోట్లో మింగేశారు. మనం హిందీ నోటిని విని, దాన్ని పొల్లుగా రాసుకున్నాం. రాహుల్, అఖిల్, నిఖిల్, మనోజ్, వినయ్ అన్నీ ఇలా వచ్చినవే. అజంత భాష అని చెప్పుకునే తెలుగులో ఇన్ని పొల్లులు ఎందుకని మా పండిత మిత్రులొకరు నిలదీశారు. ఛందస్సు కోసమైతే చిక్కేమీ లేదు: రాహులుడులో ఒక గురువూ మూడు లఘువులూ, రాహుల్‌లో రెండు గురువులు. చిక్కు ఛందస్సుది కాదు.

ఆ 'డు'ను ఎవరు ఎవరికి వాడారో చూడాలి. కావ్యంలో రాముడు, ధర్మరాజు. ఊళ్ళో? పోచయ్య అని తల్లి పెట్టిన పేరు దొర గడీ దాకా పోయేసరికి పోచిగాడయింది. మల్లయ్య మల్లిగాడు, ఎల్లయ్య ఎల్లిగాడు. దొర పేరు చివర రావు, రెడ్డి ఎక్కడికీ పోలేదు. జీతగాడి పేరు చివరి 'అయ్య' మాత్రం గాలికి పోయింది. 'అయ్య' అంటే తండ్రి, పెద్దవాడు. దాన్ని కత్తిరించడం యాదృచ్ఛికం కాదు. తెలుగు పేర్లు అంతరించిపోతున్నాయని ఇవాళ కంట తడి పెట్టేవాళ్ళు, పోచయ్య పోచిగాడవుతున్న వందల ఏళ్ళు ఏ భాషా పరిరక్షణ సభ పెట్టారో చెప్పాలి. పొల్లుతో ముగిసే పేరులో తెలుగుదనం లేకపోవచ్చు. దానిలో కులం కూడా కనబడదు. ఆ పల్లె తల్లిదండ్రులు ఏది చూసి కొనుక్కున్నారో మనకర్థం కావాలి.

అంతమాత్రాన పాత పేరు పెట్టుకోవడం లొంగుబాటు అనలేం. కంచ ఐలయ్య తన పేరును అలాగే ఉంచుకుని, పక్కన గొర్రెల కాపరితనాన్ని ఇంగ్లీషులో చేర్చుకున్నాడు. గూడ అంజయ్య పేరు చివర 'అయ్య' ఉంది. ఆ పాట బరువు దానివల్ల తగ్గలేదు. పేరు మార్చుకోవడమూ, మార్చుకోకుండా నిలబెట్టుకోవడమూ రెండూ తలెత్తడమే, ఎవరి ఇష్టాన అది జరిగిందన్నదే ప్రశ్న.

ఈ విడుదలను కూడా మార్కెట్టు ఊరికే పోనివ్వలేదు. ఇప్పుడు వచ్చిన కొత్త జబ్బు ఇంగ్లీషు స్పెల్లింగు. మా బడిలో ఒక కుర్రవాడి తండ్రి, బియ్యం మిల్లులో హమాలీ, పదో తరగతి నామినల్ రోల్స్ పంపే వేళకు వచ్చాడు.

"సారూ, మావోని పేరుల ఇంకో ఏ పెట్టాలె."

"ఎందుకన్నా?"

"పేరుకు బలం లేదన్నరు సారూ. ఎనిమిదొస్తుందట. శని అట."

ఇంటికి పోయి నేనూ లెక్క కట్టాను. ఈ లెక్కను లోకమంతా పాకించినవాడు కీరో అనే ఐర్లండు దేశస్థుడు. 1926లో అంకెల మీద పుస్తకం రాశాడు. అతని పట్టిక ప్రకారం ఆర్‌కు 2, ఏకు 1, హెచ్‌కు 5, యూకు 6, ఎల్‌కు 3. మొత్తం 17, ఒకటీ ఏడూ కలిపితే 8. ఎనిమిది శనిది. ఇంకొక ఏ చేర్చితే 18, అంటే 9, అది కుజుడిది. కుజుడు కొడుక్కి ఉద్యోగం ఇప్పిస్తాడట. తమాషా ఏమిటంటే ఆ కీరో పుస్తకంలోనే 17ను మంచి అంకెగా చెప్పాడు. అదే పేరును తెలుగులో రెండక్షరాలుగా రాస్తే శని ఎక్కడికి పోతాడో ఎవరూ చెప్పరు. లోపల రాహువే కూర్చున్నాడని అందరూ చెప్పుకునే పేరుకు పైనుంచి శని భయం!

నవ్వులాటగా తీసిపారేయడానికి వీల్లేదు. అంతకు రెండేళ్ళ ముందు ఇంకొక కుర్రవాడికి ఆధార్‌లో రెండు ఏలు, పదో తరగతి మెమోలో ఒకటి ఉండటం వల్ల ఉపకారవేతనం దరఖాస్తు ఒక కార్యాలయం నుంచి తిరిగి వచ్చింది. దిద్దించుకోవడానికి వాళ్ళమ్మ నాలుగు రోజుల కూలి పోగొట్టుకుంది. ఒక్క అక్షరం ఖరీదు నాలుగు రోజుల కూలి. కులం చెప్పని పేరు పెట్టుకుని ఊరి దొరను తప్పించుకున్నవాళ్ళు స్పెల్లింగు చెప్పే జ్యోతిష్కుడి చేతిలో పడ్డారు. హమాలీ అన్నకు ఇదంతా చెప్పాను. అమరావతి రాతి ఫలకం సంగతి కూడా చెప్పాను, వాటా అడిగిన పిల్లవాడి కథ. ఆయన చాలాసేపు విని, "మరి తండ్రి ఏమిచ్చిండు సారూ?" అన్నాడు. భిక్షాపాత్ర అన్నాను. "ఐతే మావోనికి అది వద్దు గని, ఏ మాత్రం వద్దులే" అని వెళ్ళిపోయాడు.

రిజిస్టరులో ఒకటే ఏతో ఉంది ఆ పేరు. ఆ తరగతిలో రాహుల్‌లు ముగ్గురు. ఒకడి తాత పెంటయ్య, ఒకడి తాత వెంకట నరసింహారావు, ఒకడి తాత పేరు మరాఠీది. ఇంటిపేరు లేకుండా పిలిస్తే ముగ్గురూ ఒకేసారి పలుకుతారు.